అవతలి చెయ్యి

బ్రిగేడియర్ ట్రెమ్లెట్‌కు భయమంటే తెలియదని ఊరంతా అంటుంది. వాళ్ల మొహం!

ముప్పై ఏళ్ల కిందట నేను మెరైన్లకు, అంటే నౌకాదళ సైనికులకు, శిక్షణ ఇచ్చే సార్జెంటును. అతను అప్పుడే చేరిన కుర్ర అధికారి. మేం శిక్షణ ఇచ్చే బీడులో నీళ్లు నిండిన రాతి సొరంగం ఒకటుంది. అందులో మునిగి వెళ్లాలి. వెనక ఒకడు తోస్తాడు, అవతల ఒకడు చెయ్యి పట్టి లాగుతాడు. చెయ్యి అందకపోతే చీకట్లో నీళ్లు మింగడమే. అతని వంతు వచ్చిన రోజు లాగింది నేను. బయటికొచ్చినా అతను నా మణికట్టు వదల్లేదు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"పాస్కో, ఎవరికీ చెప్పకు."

"ముందు నా చెయ్యి వదలండి సార్, తిమ్మిరెక్కుతోంది."

ఆ ఏడాదే నేను కొలువు మానేసి, ఎక్స్‌మత్ ఊళ్లో, పిండిలో మాంసం కూరి కాల్చే పేస్టీల కొట్టు పెట్టుకున్నాను. అతను నార్వే మంచులో, ఎడారి యుద్ధాల్లో ముప్పై ఏళ్లు తన మనుషులకు ముందు నడిచాడు. నిన్న పదవీ విరమణ చేసి నా కొట్టుకు వచ్చాడు. టీ ఇచ్చి అడిగాను.

"ఆ తర్వాత భయం పోయిందా సార్?"

"ప్రతిసారీ చచ్చేంత భయం. అవతల నీ చెయ్యి ఉందనుకునే దూరేవాణ్ణి. నా వెనక కుర్రాళ్లూ దూరేవాళ్లు."

నేను నా అరచేతులకేసి చూసుకున్నాను. ఆ ముప్పై ఏళ్లూ నా రెండు చేతులూ ఇక్కడే, పేస్టీల పిండిలో ఉన్నాయి.