పేను మనదే

డెబ్భైల చివర్లో, ఉత్తరాదిన ఒక ఇనుము కార్ఖానా ఊళ్ళో, కద్మా పేట పక్కన మా తెలుగు బస్తీ వెనక ఒక చెరువుండేది. దసరాకు వలేసి ఇంటింటికీ చేప పంచడం రివాజు. దాని బాగోగులు చూసేది మా పక్కింటి మావయ్య. శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు మనిషి, కార్ఖానాలో క్రేన్ నడిపేవాడు. డ్యూటీ దిగితే ఇంటికన్నా ముందు గట్టెక్కేవాడు. ఈ ఇనుము ఊళ్ళో ఆయనకు సొంతమనిపించినవి ఆ నీళ్ళే.

ఒక ఏడు ఆయన మాట మీద చైనా జాతి సిల్వర్ కార్ప్ పిల్లల్ని వదిలారు, తొందరగా పెరుగుతాయని. దసరాకు వల లాగితే, మన శీలావతి చేపల మీద ఎప్పుడూ ఒకటీ అరా ఉండే పేలు ఆ కొత్త చేపల ఒంటినిండా కందిబద్దల్లా అతుక్కుని కనిపించాయి.

బస్తీ సంఘం ప్రెసిడెంటు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"సైనావోడు యుద్ధంలో పంపనిది ఇప్పుడు పంపినాడ్రా."

"పేను సైనాది కాదు బాబూ, మన సెరువుదే," అన్నాడు మావయ్య. "కొత్త సేపకి దీని సంగతి తెల్దు. అందుకే మీద పడిపోనాది."

చైనా రోగమంటే తలలూపిన జనం మన పేననేసరికి మొహాలు ముడుచుకున్నారు. నిజానికి ఆ చెరువు తవ్వింది మాలో ఎవరి తాతా కాదు. అందరం రేకు పెట్టెలతో రైలు దిగినవాళ్ళమే.

మావయ్య ఊరుకోలేదు. ఆ కొత్త చేపను ఎన్నడూ వెయ్యని పక్క బస్తీ గుంటకు వెళ్ళి ఒక శీలావతిని పట్టుకొచ్చాడు. దాని మొప్ప పక్కనా పేను. అందరూ వంగి చూశారు.

"సూసినారా, అక్కడికీ పాకీసినాది," అన్నాడు ప్రెసిడెంటు.

"గట్టు దాటి నడిసెల్లిందేటి బాబూ?"

"సైనాది కదా. దానికి గట్టేటి, గోడేటి."

మా నాన్న మావయ్య భుజం పట్టుకున్నాడు. "సైనాదే అనీయి బావా. సెరువు నీకాడే ఉంటాది."

"కళ్ళెదురుగా ఉన్నదాన్ని ఎలాగనీమంటావు?"

ఆ సాయంత్రమే సంఘం చెరువును ప్రెసిడెంటు బావమరిదికి అప్పగించింది. రోగిష్టి చేపల్ని పాతిపెట్టమంది. బాగా బలిసినవాటిని ప్రెసిడెంటు తన పెరట్లోనే పాతిస్తానన్నాడు. రాత్రి ఆ పెరట్లోంచి పులుసు వాసన వచ్చింది.

మరుసటి దసరాకు బావమరిది వలేశాడు. అన్నీ స్వదేశీ చేపలే. పేలు ఎప్పటిలాగే ఒకటీ అరా ఉన్నాయి. ఎవరూ వాటి ఊరు అడగలేదు. మావయ్య వాటా తీసుకోవడానికి అత్తయ్య వచ్చింది.

"మావయ్యకి డ్యూటీయా?" అని అడిగాను.

"ఇంటికాడే ఉన్నాడు. ఈ మజ్జిన డ్యూటీ దిగి బజారంతా సుట్టు తిరిగి ఇంటికి వత్తన్నాడు. గట్టు మీద దుమ్మంట."

ముందురోజంతా వాన పడింది. గట్టు మీద బురద ఇంకా ఆరలేదు.