తెల్లకాళ్ళ పాట

కొత్త పాటలు దిగే రోజున మా ఆటల దుకాణంలో డోలు యంత్రం ముందు పొద్దున్నే వరస కడతారు. నాణెం వేసి పాట ఎంచుకుని, దాని దరువు తప్పకుండా కర్రలతో డోలు కొట్టాలి, అదీ ఆట. పాటలు వాటంతటవే యంత్రంలోకి వచ్చి కూర్చుంటాయి, నేను చేసేదల్లా షట్టరు ఎత్తడమే. అయినా మొదటి నాణెం పడేదాకా నాకూ కాలు నిలవదు. చిల్లర మార్చే బల్ల వెనక ఇన్నేళ్ళు కూర్చున్నదాన్ని, ఎవరు కొడుతున్నారో తల తిప్పకుండానే చెప్పేస్తాను. పరాయివాళ్ళ గొడవలు నీకెందుకే అని మా చెల్లెలు తిడుతుంది. నాకు కావాలి, అంతే.

మనబె గారు మాత్రం ఆ వరసలో ఎప్పుడూ నిలబడరు. ఆయనది మా వీధి చివర ఉదోన్ అనే లావు నూడుల్స్ అమ్మే కొట్టు. మధ్యాహ్నానికి నూడుల్స్ అయిపోగానే తలుపు మూసి, ప్యాంటుకు అంటిన పిండి దులుపుకోకుండానే వచ్చి మా గోడకు ఆనుకుంటారు. కొత్త పాటల రోజైతే తప్పకుండా వస్తారు. ఒక్కనాడూ కర్ర ముట్టుకోలేదు. ఆ సంగతేమిటో తేల్చుకోకపోతే నాకు తిన్నది అరిగేలా లేదు. చలికాలంలో ఒకరోజు టీ చేతికిచ్చి అడిగేశాను.

"పాటలు కడతానండీ," అన్నారు, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూస్తూ.

కొట్టు వెనక గదిలో కీబోర్డు, కంప్యూటరు పెట్టుకున్నారట. ఆట కంపెనీవాళ్ళు జనం దగ్గర పాటలు అడిగినప్పుడల్లా పంపుతారు, వాళ్ళు వద్దంటారు. ఈసారి దరువు కోసం తన కాళ్ళనే నమ్ముకున్నారు. ఉదోన్ పిండి చేతులకు లొంగేది కాదు. ముద్దను పట్టాలో చుట్టి, మేజోళ్ళతో ఎక్కి తొక్కాలి. ఆ తొక్కుడు చప్పుడును మైకులో పట్టి, దాని మీద పాట కట్టారు. ఆశ్చర్యంగా కంపెనీవాళ్ళు దాన్ని ఒప్పుకున్నారు. వసంతంలో దిగే పాటల్లో అదీ ఉంటుంది. పాట కట్టినవారి పేరు అన్నచోట ‘తెల్లకాళ్ళు’ అని రాసిచ్చారు.

"మీ పేరే పెట్టుకోవచ్చుగా?" అన్నాను.

"బాగా చెప్పారు! మనవాళ్ళ మొహమాటం మీకు తెలీదా? పులుసులో ఉప్పు వెయ్యడం మరిచిపోయినా అమృతంలా ఉందని చెప్పి పోతారు. నా పాటని నా మొహం చూసి మెచ్చుకుంటే నాకేం లాభం?"

"మీ ఆవిడేమంటుంది?"

అక్కడే వచ్చింది చిక్కు. మిత్సుయొ గారు నోరున్న మనిషి. ఆవిడ పెట్టిన షరతు ఆయన ఉన్నదున్నట్టు చెప్పారు. "మన కొట్టుకి మొదటిసారి వచ్చినవాడు గిరాకీ కాదు, రెండోసారి వచ్చినవాడే గిరాకీ. మీ పాటా అంతే. దిగిన రోజున ఒక్కరైనా రెండోసారి కొడితే సరి. లేదంటే ఆ గదిలో పిండి బస్తాలు వేయిస్తా."

"మరి ఆవిడకి పాట నచ్చిందా?"

"వింటేగా! నా పాట ఒక్కటి విన్న పాపాన పోలేదు. నేను మొదలెట్టానో లేదో, టీవీ సౌండు పెంచేస్తుంది." ఆ మాట అనేటప్పుడు ఆయన నవ్వారు గానీ, నాకు జాలేసింది.

రెండోసారి కొట్టడమంటే మా దగ్గర మాటలు కాదు. నాణేనికి రెండు పాటలు. కొత్త పాటల రోజున ఒకే పాటను వెంటవెంటనే కొట్టకూడదు, అది వరసలో ఉన్నవాళ్ళ మర్యాద. మళ్ళీ కావాలంటే వెళ్ళి చివర నిలబడాలి. అంతసేపు కాళ్ళు నొప్పెట్టుకుని నిలబడ్డారంటే ఆ పాట మనసులో పడ్డట్టే.

ఆ రోజు రానే వచ్చింది. మనబె గారు నూడుల్స్ మిగిలి ఉండగానే కొట్టు కట్టేసి వచ్చారు. అందరూ బొమ్మల సినిమా పాటల మీదే పడ్డారు. తెల్లకాళ్ళ పాట వైపు ఎవరూ చూడలేదు. చివరికి లారీ నడిపే కుసకబే, పేరు చూసి నవ్వొచ్చి దాన్ని ఎంచుకున్నాడు. సగం దాకా బాగానే కొట్టాడు. సరిగ్గా మధ్యలో దరువు కాస్త మందగించింది, వాడి కర్రలు ముందుకెళ్ళిపోయాయి.

"ఎవడ్రా బాబూ ఈ తెల్లకాళ్ళు? నిద్రపోయాడా ఏంటి మధ్యలో?" అని అరిచాడు.

తర్వాత ఓచి గారి వంతు. పళ్ళ ఆసుపత్రిలో నర్సు, మా దుకాణంలో ఆవిడ చేతికి ఎదురులేదు. సొంత కర్రలు గుడ్డలో చుట్టి తెచ్చుకుంటుంది. ఆవిడ కూడా అదే చోట తప్పింది. కర్రలు చుట్టుకుని బయటికి నడిచింది.

మనబె గారి మొహం చూడలేకపోయాను. "పోన్లెండి. బస్తాలకీ చోటు కావాలిగా," అన్నారు.

అంతలో అద్దాల తలుపులోంచి ఓచి గారు కనబడింది. బయట డబ్బా టీ కొనుక్కుని, తాగకుండా, తొడ మీద వేళ్ళతో కొట్టుకుంటోంది. ఆగుతోంది. తల అడ్డంగా ఊపుతోంది. మళ్ళీ కొట్టుకుంటోంది. ఒక్కసారిగా లోపలికొచ్చి వరస చివర నిలబడింది. నేను మనబె గారి మోచెయ్యి పట్టుకున్నాను.

రెండోసారీ అక్కడే తప్పింది. తిట్టుకుంటూ మళ్ళీ చివరికి వెళ్ళింది. ఈలోపు వరసంతా వాదన. "కావాలని పెట్టిన ఉచ్చు," అన్నారు ఒకరు. "యంత్రం పాడయింది," అన్నాడు కుసకబే.

మూడోసారి ఆ చోటు రాగానే ఓచి గారు కర్రలు పైకెత్తి ఆపింది. ఊపిరి తీసుకునేంతసేపు. తర్వాత వేసింది దెబ్బ. చివరిదాకా ఒక్కటీ తప్పలేదు. దుకాణమంతా చప్పట్లు.

"ఇది ఉచ్చూ కాదు, గిచ్చూ కాదు," అంది చెమట తుడుచుకుంటూ. "పాపం, ఈ తెల్లకాళ్ళాయనకి అక్కడ ఏదో పని తగిలింది. నాకు బాగా నచ్చింది."

మనబె గారు ఫోను నా చేతిలో పెట్టారు. "మీరే చెప్పండి. నేను చెబితే నమ్మదు."

మిత్సుయొ గారికి అంతా చెప్పాను. "ఒకే మనిషి మూడుసార్లా?" అంది. గిన్నెల మీద నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత కుళాయి కట్టేసింది.

"మధ్యలో కాస్త నెమ్మదిస్తుంది చూడండి, అక్కడ విసుక్కున్నారా?"

నేను తెల్లబోయాను. "అందరూ విసుక్కున్నారు. మీకెలా తెలుసు?"

"అక్కడ నేనే పిలిచాను. గిరాకీ వచ్చారు, నీళ్ళు మరుగుతున్నాయి, ఏమండోయ్ అని కేకేశాను. ఆయన రాలేదు, తొక్కడమూ మానలేదు, కాళ్ళు అలా ఈడ్చారు. నా కేక తీసేశారు గానీ ఆ ఈడ్పు దిద్దుతారేమోనని రోజూ విన్నాను. దిద్దలేదు."

"టీవీ సౌండు పెంచేస్తారని చెప్పారే!"

"పెంచుతాను. పెంచేసి వచ్చి గది తలుపు దగ్గర నిలబడతాను. టీవీ మోగుతుంటే నేను దాని ముందే కూర్చున్నాననుకుంటారు కదమ్మా."

ఏమంటోందని మనబె గారు కళ్ళతోనే అడుగుతున్నారు. ఫోను ఆయన చెవికి ఆనించాను.