యూసుఫ్ భాయి విమానం రెక్క

మొన్న మనవడు బొమ్మ విమానం అతికిస్తుంటే ఆ జిగురు వాసనకు నేను గదిలో ఉండలేకపోయాను.

నాకప్పుడు ఏడేళ్లు. సంగారెడ్డిలో మా పక్కింటి నూర్జహానూ నేనూ ఒక్క కంచంలో తినేవాళ్లం. వాళ్లన్న యూసుఫ్ భాయి పట్నం నుంచి బాల్సా చెక్క తెచ్చి చిన్న విమానం చేస్తున్నాడు. దూదంత తేలికైన ఆ చెక్కను బ్లేడుతో కోసి, పల్చటి కాగితం అతికించి, రబ్బరు మెలిపెడితే తిరిగే పంకా బిగించాడు.

“శుక్రారం భాయి విమానం ఎగరేస్తడు. తెల్లారి మేం కరాచీ పోతం. ఇగ రాం,” అంది నూర్జహాన్.

విమానం ఎగరకపోతే వాళ్లు పోరనుకున్నాను. గురువారం మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వాళ్ల గదిలో దూరి రెక్క విరిచాను. అప్పడం విరిగినంత చప్పుడైంది. బయటికొస్తుంటే నూర్జహాన్ ఎదురైంది.

సాయంత్రం యూసుఫ్ భాయి విరిగిన రెక్క ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. వాళ్లమ్మ నూర్జహాన్‌ను గట్టిగా నిలదీసింది. నేను గుమ్మంలోనే ఉన్నాను.

“మైచ్ తోడీ, అమ్మీ,” తనే విరిచానని చెప్పింది నూర్జహాన్. చెంప చెళ్లుమంది. నేను నోరు విప్పలేదు.

శనివారం వాళ్లు బస్సెక్కే వేళకు సిగ్గుతో గడ్డివాము వెనక దాక్కున్నాను.

“నా దోస్తు ఏది, అత్తా?” అని మా అమ్మను రెండుసార్లు అడిగి వెళ్లిందట.