డాక్టరమ్మకు నేను చెప్పని మాట

రేపల్లె మసీదులో పిల్లలకు పాఠం చెప్పే రోజుల్లో నెలకోసారి పాసింజరెక్కి తెనాలి వెళ్ళేవాణ్ణి. అక్కడ మా అక్క ఒంటరిగా ఉంటూ జాకెట్లు కుట్టేది. ఆమెకున్నది మనసు ఒకసారి పొంగి, ఒకసారి కుంగిపోయే బైపోలార్ అనే జబ్బని, రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు గాని మాకు తెలియలేదు.

అంతకు ముందు మేం దాన్ని భక్తి అనుకున్నాం. ఒక రంజాను నెలలో ఆమె నిద్ర మానేసింది. మూడు రోజులకోసారి దైవగ్రంథం మొత్తం చదివి ముగించేది. వీధిలో ఆడవాళ్ళు తమ కోసం ప్రార్థించమని, దువా చేయించుకోవడానికి వచ్చేవారు. "మీ అక్క మీద అల్లా దయ దిగింది నాయనా" అని పక్కింటి ముసలమ్మ అంటే నేను పొంగిపోయాను. పండగ వెళ్ళిన వారానికి అక్క గోడవైపు తిరిగి పడుకుంది. నెల దాటినా లేవలేదు.

మాత్రలతో ఆ పొంగూ కుంగూ కొంత అదుపులోకి వచ్చాయి. భయం మాత్రం పోలేదు. వీధిలో స్కూటరు ఆగితే చాలు, మిషను ఆపి లేచి నిలబడేది. కుట్టిన జాకెట్టు కొలత తప్పిందేమోనని విప్పి మళ్ళీ కుట్టేది. భయం ఎక్కువైతే నిద్రపట్టేది కాదు. నిద్ర లేకపోతే జబ్బు తిరగబెట్టేది.

ఒకసారి తెనాలిలో ఆమెను చూసే డాక్టరమ్మ అడిగింది.

"మీరు బాపట్లలో పెరిగారు కదమ్మా. చిన్నప్పుడు ఇంట్లో ఎలా ఉండేది?"

అక్క నా వైపు చూసింది. ఆమె నోరు విప్పేలోపే నేను చెప్పాను.

"బాగానే ఉండేదండి. అమ్మ తొందరగా పోయింది. నాన్నగారే కష్టపడి పెంచారు."

అది అబద్ధమని ఆ క్షణాన నాకు అనిపించలేదు. చనిపోయినవారి మంచినే చెప్పాలి, తప్పులు కప్పాలి అని నాకు నేర్పారు, నేనూ పిల్లలకు నేర్పాను. నాన్న బాపట్ల మసీదులో నమాజుకు మొదటి వరుసలో నిలబడే మనిషి. ఆయన పోయినప్పుడు జనాజా మొయ్యడానికి జనం పోటీపడ్డారు. ఇంటికొస్తే ఆ మనిషి చెయ్యి అక్క మీద లేచేది. అమ్మ పోయేనాటికి ఆమెకు పదకొండేళ్ళు. అన్నం మెత్తబడినా దెబ్బలే, పలుకైనా దెబ్బలే.

బయటికొచ్చి టీ కొట్టు దగ్గర నిలబడ్డాం.

"ఏం మౌలానా సాబ్, అబ్బాకి జన్నత్ టిక్కెట్టు కొట్టిచ్చావా?" అంది అక్క.

"పోయినవాళ్ళ తప్పులు బయటపెట్టకూడదు ఆపా. నీకు తెలియందా?"

"తెలుసులేరా. మరి నా సంగతేంటి? నన్ను పిచ్చిదంటున్నారు గదా, అదెవరు కప్పుతారు?" టీ చల్లారేదాకా గ్లాసు పట్టుకునే ఉంది. "నేను చెబితే జబ్బు మనిషి మాటంటారు. చూసినవాడివి నువ్వొక్కడివే."

నేను రైలెక్కి రేపల్లె వచ్చేశాను. సాక్ష్యం దాచినవాడి గుండె పాపంతో నిండుతుందని అదే వారం పిల్లలకు చెప్పాను. చెబుతూ ఆగిపోయాను. అయినా తర్వాతి నెల తెనాలి వెళ్ళలేదు. మసీదులో పనుందని కబురు పంపాను. పనేమీ లేదు.

ఆ నెలలోనే జబ్బు తిరగబెట్టింది. కుట్టడం పూర్తయిన పండగ జాకెట్లన్నీ ముందేసుకుని, పట్టపగలు వాకిట్లో కూర్చుని కుట్లు విప్పేసిందట. బట్టలిచ్చినవాళ్ళు వచ్చి తిడుతుంటే, "కొలత తప్పింది, కొట్టకండి" అని చేతులడ్డం పెట్టుకుందట. వాళ్ళెవరూ చెయ్యెత్తలేదు. అది నాకు చెబుతూ పక్కింటి ముసలమ్మ ఏడ్చింది.

ఆసుపత్రిలో చేర్చిన ఐదో రోజు, అక్క కొంచెం తేరుకున్నాక, ఆమె ఎదుటే డాక్టరమ్మతో అన్నాను.

"ఆ రోజు మీకు నిజం చెప్పలేదండి."

చెప్పాను. నాన్న స్కూటరు చప్పుడు వినగానే అక్క నన్ను మంచం కిందికి తోసేదనీ, అక్కడి నుంచి నాకు ఆమె పాదాలు కనిపించేవనీ, అవి కదలకుండా నిలబడేవనీ చెప్పాను.

చిన్ననాటి భయం ఒక్కటే ఈ జబ్బుకు కారణం కాదనీ, కాని అది లోపల ఉండిపోతే జబ్బును మాటిమాటికీ రేపుతుందనీ, ఇక దానికీ వైద్యం చెయ్యాలనీ డాక్టరమ్మ చెప్పింది. తర్వాత అక్క వైపు తిరిగింది.

"నిజమేనా అమ్మా?"

"నిజమేనండి. కాని వీడు సగమే చూశాడు." అక్క నన్ను చూసి మెల్లగా అంది. "నువ్వు బయట కూర్చో తమ్ముడూ."

తలుపు వేశారు. లోపల ఆమె గొంతు వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. బల్ల మీద కూర్చుని, అలవాటు ప్రకారం నాన్న కోసం దువా చెయ్యడానికి చేతులెత్తాను. క్షమించమని అడగబోయి ఆగాను. దేన్ని క్షమించమంటున్నానో నాకు తెలియదు.