ఆయన పక్కన ఒక్కటే కుర్చీ

మా ఆయన లివర్‌లో గడ్డ ఉందని తెలిసిన వారంలోగానే మా ఆడపడుచు హెర్న్‌డన్ నుంచి కారు వేసుకుని వచ్చేసింది. రమ్మని నేను పిలవలేదు. మా అమ్మాయిని అడిగితే తానూ పిలవలేదంది. పిలిచింది ఆయనే. నాకు తెలియకుండా, బాల్కనీలో నిలబడి, చెల్లెలికి ఫోన్ చేసి చెప్పుకున్నారు. ఆ సంగతి తెలిసిన క్షణం నుంచీ నా కడుపు మండుతూనే ఉంది. దాచడం దేనికి?

మేమిద్దరం అమెరికాలో, మోరిస్‌విల్ అనే ఊళ్ళో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాం. అమ్మాయి, అల్లుడు పొద్దున్నే ఆఫీసు పనిలో పడతారు. ఇల్లు, వంట నావి. నేను చదివింది అయిదో తరగతి. అయినా ఈ ఇంట్లో ఏదీ వృథా పోనివ్వను. జిప్ కవర్లు కడిగి కిటికీ దగ్గర ఆరేస్తాను. పేపర్ టవల్‌ని సగానికి చింపి వాడతాను. ఇంగువ డబ్బాలో అడుగున మిగిలింది కూడా చారులో విదిలిస్తాను. ఆయనకు పోపు వేయని కూర ముద్ద దిగదు, వేపుడు లేకపోతే అన్నం ముందు కూర్చోరు. ఆయన నాలుక నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నా ధీమా.

మా ఆడపడుచు వచ్చిన మర్నాడే ఆ ధీమా పోయింది. పొద్దున్నే ఓట్స్ ఉడికించి, ఉప్పు కూడా సరిగ్గా వేయకుండా గిన్నెలో పోసి ఆయన ముందు పెట్టింది. ఆయన ఒక్క మాట అనకుండా తిన్నారు. గిన్నె అడుగు కనిపించేదాకా తిన్నారు. పెళ్ళైన కొత్తలో ఉప్మాలో ఉప్పు తగ్గిందని పళ్ళెం పక్కకు నెట్టిన మనిషి.

"ఎలా ఉందన్నయ్యా?" అని అడిగింది.

"బానే ఉందమ్మా, తేలిగ్గా ఉంది" అన్నారు.

ఆమె నా వైపు తిరిగి, "డాక్టరు ఫ్యాటీ లివర్ నుంచే ఇదంతా వచ్చిందన్నారు కదా వదినా. మందు ముట్టని మనిషికి లివర్ పాడవడమేమిటని మొదట నాకూ అర్థం కాలేదు. ఆ వేపుళ్ళు ఇక ఆపేద్దాం" అంది. ఆపేద్దాం అంటే నేను ఆపాలని. ఇన్నేళ్ళూ ఆయన లివర్‌కి నేనే నూనె పోసి పెంచానని. డాక్టరు షుగరు అన్నారు, బరువన్నారు, కూర్చుని ఉండే అలవాటన్నారు. అవేవీ ఆమె చెవికెక్కలేదు. వేపుడొక్కటే ఎక్కింది.

వైద్యం సంగతి కూడా ఆమే చెప్పింది ఆయనకు. గడ్డ చిన్నదట, కోయక్కర్లేదట. మత్తు ఇచ్చి పడుకోబెట్టి, స్కానులో చూసుకుంటూ, పక్కటెముకల సందులోంచి సన్నటి సూది లాంటిది గడ్డలోకి పంపుతారట. దాని కొసలో మైక్రోవేవ్ వేడి పుట్టి, గడ్డనూ దాని చుట్టూ కొంచెం మంచి కండనూ మాడ్చేస్తుందట. మిగిలిన లివర్‌కి ఏమీ కాదట. వంటింట్లో మైక్రోవేవ్ తలుపు తీసి చూపిస్తూ, "ఇదీ అదీ ఒక జాతే అన్నయ్యా. ఇందులో నూనె లేకుండా అప్పడం కాలుతుందే, అలాగే. కాకపోతే అక్కడ వేడంతా సూది కొసనే ఉంటుంది" అంది.

"అయితే నాది అప్పడమా?" అని ఆయన నవ్వారు. చాలా రోజులకు నవ్వారు. అంతకు ముందు మా అమ్మాయి నాకు ఇదే విషయం చెప్పింది, నేను ఆయనకు చెప్పబోయాను. "నీకేం తెలుసు, ఊరుకో" అన్నారు.

నాకు అంతకంటే గుచ్చుకున్న మాట ఇంకొకటుంది. ఒక సాయంత్రం అన్నాచెల్లెళ్ళు ఇంటి వెనక చెక్క డెక్ మీద కూర్చున్నారు. నేను వంటింటి కిటికీ దగ్గర కవర్లు ఆరేస్తున్నాను. ఇద్దరూ ఏదో పాత ముచ్చట చెప్పుకుంటున్నారు, నేలటిక్కెట్టు కొనుక్కుని సినిమాకెళ్ళి నాన్నకు దొరికిపోయిన ముచ్చట. నేను ఆ ఇంటికి కోడలిగా రాకముందు సంగతులు. అందులో నాకు చోటుండదు. కాసేపటికి నవ్వులు ఆగాయి. ఆయన గొంతు తగ్గించి అన్నారు:

"భయంగా ఉందమ్మా."

ఆమె ఏమందో నాకు వినిపించలేదు. నేను విన్నది అదొక్కటే. పెళ్ళైన దగ్గర్నుంచి, ఉద్యోగం పోతుందన్నప్పుడు, మా అమ్మాయి పుట్టినప్పుడు నాకు ప్రాణం మీదికొచ్చినప్పుడు, ఆ మాట నా ముందు ఎప్పుడూ అనలేదు. భయం లేని మనిషనుకున్నాను. లేకపోవడమేమిటి, ఉంది. నాతో చెప్పుకునేది కాదు, అంతే.

ఆ సాయంత్రమే గట్టిగా అనుకున్నాను. ఆయనకు మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి పక్కన ఉండేది నేనే. చెల్లెలు కాదు.

ఆ ఆసుపత్రిలో రోగి దగ్గరకు ఒక్కరినే పంపుతారని మా అమ్మాయి ముందే చెప్పింది. "నువ్వే ఉండమ్మా. వాళ్ళ మాటలు తెలుగులో చెప్పేవాళ్ళని స్క్రీన్ మీద కలుపుతారు, నీకేం ఇబ్బంది ఉండదు. నేను బయట లాప్‌టాప్ పెట్టుకుని ఉంటాను" అంది. నేను డబ్బాలో పెరుగన్నం కలుపుకుని, శాలువా మడత పెట్టుకుని తయారయ్యాను. ఆడపడుచు కూడా కారెక్కింది. ఎక్కొద్దని ఎలా అంటాం?

అమ్మాయి మమ్మల్ని గుమ్మం దగ్గర దింపి, కారు పార్క్ చేయడానికి వెళ్ళింది. ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి తీసుకుపోయారు. కౌంటర్‌లో పనిచేసే అమ్మాయి నన్ను చూసి నవ్వి ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఆడపడుచు తెలుగులో చెప్పింది: "నువ్వు ఎవరి కోసం వచ్చావని అడుగుతోంది వదినా. పేషెంట్ పేరు చెప్తే నీ ఫోటో తీసి బ్యాడ్జి ఇస్తారు."

మా అమ్మాయి వస్తుందేమోనని గుమ్మం వైపు చూశాను.

ఆయన పేరు నేను ఎప్పుడూ నోటితో అనలేదు. మా అమ్మ నేర్పింది అలాగే. భర్త పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని. మా ఊళ్ళో రేషను షాపులో కూడా బియ్యం కార్డు చేతికిచ్చి ఊరుకునేదాన్ని. ఇక్కడికొచ్చాక ఎవరైనా అడిగితే అమ్మాయి చెప్పేస్తుంది. మనవల దగ్గర తాతగారంటాను. నవ్వేవాళ్ళు నవ్వనీ. మామూలు రోజైతే ఏమో గాని, ఆయన్ని మత్తులోకి తీసుకుపోతున్న రోజున, లివర్‌లో సూది దించబోతున్న రోజున, ఆ పేరు నా నోట ఎలా వస్తుంది?

కౌంటర్ అమ్మాయి మళ్ళీ అడిగింది. నేను మెడలో మంగళసూత్రం బయటికి తీసి చూపించాను. అది చూసి ఆమెకు ఏం అర్థమవుతుంది? బాగుందన్నట్టు తల ఊపింది. వెనకాల వరుసలో మనుషులు నిలబడి ఉన్నారు. అప్పుడు మా ఆడపడుచు నా భుజం మీంచి ముందుకు వంగి, ఆయన పేరు, ఇంటిపేరు గడగడా చెప్పేసింది. చెల్లెలు కదా, ఆమెకేం అడ్డు? మిషను చప్పుడు చేసింది. ఆమె ఫోటో ఉన్న బ్యాడ్జి వచ్చింది. దాన్ని తన స్వెటర్‌కి అంటించుకుంది.

"ఎలాగూ డాక్టర్లు ఇంగ్లీషులో మాట్లాడతారు కదా వదినా, నేను వింటాలే" అని లోపలికి వెళ్ళిపోయింది.

అమ్మాయి వచ్చేసరికి అంతా అయిపోయింది. సంగతి విని తల పట్టుకుంది. కౌంటర్‌లో మాట్లాడి వచ్చి, లోపలున్నవాళ్ళు బయటికొచ్చినప్పుడు మనిషి మారవచ్చని చెప్పింది. నేను గోడ పక్కన కూర్చున్నాను. ఎదురుగా టీవీ లాంటి తెర మీద అంకెలు, రంగులు. ఆయన పేరు బదులు ఒక అంకె ఇచ్చారు. ఆ అంకె పక్కన రంగు మారినప్పుడల్లా అమ్మాయి చెప్పేది. లోపలికి తీసుకెళ్ళారు, మొదలుపెట్టారు. మొదలుపెట్టేముందు ఆడపడుచు బయటికొచ్చి మా పక్కనే కూర్చుంది, బ్యాడ్జి మాత్రం తీయలేదు. "నవ్వుతూనే వెళ్ళాడు అన్నయ్య. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు" అంది. నేను శాలువా మడత విప్పి మళ్ళీ మడత పెట్టాను. పెరుగన్నం తినమని అమ్మాయి అంటే ఆకలి లేదన్నాను. నిజానికి ఆకలిగానే ఉంది. ఆ బ్యాడ్జి వైపు చూస్తుంటే ముద్ద దిగేలా లేదు.

చాలాసేపటికి డాక్టరు వచ్చారు. నీలం టోపీ ఇంకా తీయలేదు. అమ్మాయి, ఆడపడుచు లేచి నిలబడ్డారు, నేనూ లేచాను. డాక్టరు చెబుతుంటే అమ్మాయి ముఖంలో బిగువు సడలింది. గడ్డ మొత్తం మాడిందట, చుట్టూ వదలాల్సినంత అంచు కూడా మాడిందట. మళ్ళీ స్కాను తీస్తే గాని పూర్తిగా చెప్పలేరట. కుడి భుజం నొప్పిగా ఉంటుందట, కంగారు పడొద్దట. కాసేపట్లో మెలకువ వస్తుంది, ఒకరు వెళ్ళి కూర్చోవచ్చన్నారు.

ఆడపడుచు హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది.

"అది ఇటియ్యి" అన్నాను.

"ఏది?"

"ఆ బ్యాడ్జి."

ఆమె స్వెటర్ వైపు చూసుకుంది. "దీని మీద నా ఫోటో ఉంది వదినా. నువ్వు వెళ్ళాలంటే కౌంటర్ దగ్గర కొత్తది తీసుకోవాలి. అన్నయ్య పేరు చెప్పాలి. చెప్తావా?" అంది. వెటకారంగా అనలేదు గాని, చెప్పలేనని మాత్రం ఆమెకు బాగా తెలుసు. "పోనీ నేను చెప్తానులే అమ్మా" అంటూ మా అమ్మాయి లాప్‌టాప్ మూయబోయింది. వద్దని చెయ్యి చూపించాను. అమ్మాయి చెబితే అది అమ్మాయి ఇప్పించిన బ్యాడ్జి అవుతుంది.

కౌంటర్ దాకా నడిచాను. మా అమ్మ మాట గుర్తుంది. ఆయుష్షు మాటా గుర్తుంది. లోపల ఆయన మత్తులో ఉన్నారనీ గుర్తుంది. అయినా నా కళ్ళకు చెల్లెలు చెయ్యి పట్టుకుని వదలని ఆయన చెయ్యే కనిపిస్తోంది. ఏ దేవుడికి మొక్కానో తెలియదు. పేరు చెప్పాను. ఇక్కడ రాయను, ఆ ఒక్కరోజుకే అన్నాను.

కౌంటర్ అమ్మాయికి సరిగ్గా వినిపించలేదు. చెవి ముందుకు పెట్టింది. ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది, గట్టిగా. వెనక్కి తిరిగి చూస్తే మా అమ్మాయి చెవుల్లో పెట్టుకున్న ఇయర్‌ఫోన్లు తీసేసి నన్నే చూస్తోంది. ఆడపడుచు నా దగ్గరకొచ్చి, "మా అన్నయ్య పేరు నీకు తెలుసన్నమాట" అంది. నవ్వుతూనే అంది. నేను నవ్వలేదు. నా ఫోటో తీశారు. కళ్ళు మూసుకుపోయి వచ్చింది, మళ్ళీ తీస్తామన్నా వద్దన్నాను. దాన్నే చీర మీద అంటించుకుని లోపలికి నడిచాను.

తెరలు కట్టిన గదిలో ఆయన పడుకుని ఉన్నారు. గడ్డం మాసి ఉంది. వెచ్చగా చేసిన దుప్పటి కప్పారు. పక్కన ఒక్కటే కుర్చీ. నేను కూర్చున్నాక కాసేపటికి కళ్ళు తెరిచి, నన్ను చూసి, నా వెనక్కి చూశారు.

"చెల్లి ఏదే?"

"బయట ఉంది. ఒక్కరే రావాలిట."

"ఓహో" అని కళ్ళు మూసుకున్నారు. ఎలా వచ్చావని అడగలేదు. మళ్ళీ కళ్ళు తెరిచి కుడి భుజం లాగుతోందన్నారు. ఉంటుందట, కంగారు పడొద్దన్నారని చెప్పాను. గడ్డ అంతా మాడిందని కూడా చెప్పాను. ఆ కబురు ఆయనకు మొదట చెప్పింది నేను. అది నా దగ్గర్నుంచి ఎవరూ లాక్కోలేరు.

"భయపడ్డారా?" అని అడిగాను.

ఇప్పుడు చెబుతారనుకున్నాను. ఇక్కడ మేమిద్దరమే ఉన్నాం.

"నాకేం భయం?" అన్నారు.

దుప్పటి పైకి జరిపి భుజం దాకా కప్పాను. నర్సు వచ్చి బి.పి. చూసి, మందు ఎక్కించి, చక్రాల మీదున్న టీవీ తెరను నా ముందుకు లాగింది. తెరలో ఒక తెలుగావిడ కనిపించింది, ఏ ఊరో తెలియదు, కళ్ళజోడు పెట్టుకుని ఉంది. నర్సు ఏదో చెబితే ఆవిడ నాకు చెప్పింది. బయట ఉన్న ఆయన చెల్లెలుగారు కూడా ఆయన్ని చూడాలనుకుంటున్నారట, మీరు కాసేపు బయటికి వెళ్ళి ఆవిడను రానిస్తారా అని.

ఆయన నా వైపు చూశారు. చూపులో ఏముందో నాకు తెలుసు. నేను ఆయన వైపు చూడలేదు.

"వెళ్ళనని చెప్పమ్మా" అన్నాను తెరలో ఆవిడతో. కుర్చీని మంచం దగ్గరకు ఇంకాస్త లాక్కుని కూర్చున్నాను.