మరచెంబులో ఇంజన్ ఆయిల్

మా తాత కొన్న డీజిల్ జీపు లాక్‌డౌన్ అంతా షెడ్డులోనే ఉంది. బయటికి తీసిన రోజునుంచి ఇంజన్‌లో టకటకమని చప్పుడు. జనగామ మెకానిక్ ఇంజన్ విప్పాలన్నాడు. విప్పితే మళ్ళీ బిగిస్తాడన్న నమ్మకం నాకు లేదు. పాత ఇనుము కొనే యాదగిరి అప్పటికే మా గేటు చుట్టూ తిరుగుతున్నాడు. మా ఇంటి హోదాలో మిగిలింది ఆ జీపొక్కటే.

సూరత్‌లో ఆయిల్ పరీక్షించే ల్యాబులో పనిచేసే మా మేనకోడలు సుధ, "విప్పక్కర్లేదు మామయ్యా. శుభ్రమైన సీసాలో కాస్త ఇంజన్ ఆయిల్ పంపండి. లోపల ఏది అరుగుతోందో అందులో తేలుతుంది" అంది. కూల్‌డ్రింకు సీసా చేత్తో పట్టుకుని ఆడపిల్ల ఇంటికి వెళ్ళడం మా పద్ధతి కాదు. తాత ప్రయాణాల్లో నీళ్ళు తీసుకెళ్ళిన రాగి మరచెంబు తీసి, అందులో ఆయిల్ పోసి, మూత బిగించి నేనే బయలుదేరాను.

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం రైలు. నుదుటికి యంత్రం గురిపెట్టి జ్వరం చూసి లోపలికి వదిలారు. ఆ రోజుల్లో రైల్లో దుప్పట్లు ఇవ్వడం లేదు, భోజనం వండడం లేదు. పులిహోర తెచ్చుకున్నాను, దుప్పటి మరిచాను. ఎదుటి బెర్తులో సూరత్ పర్వత్ పాటియాలో మరమగ్గం నడిపే నర్సయ్య, అతని భార్య. మగ్గాలు మళ్ళీ తెరిచారని కబురొస్తే పోతున్నారు.

నర్సయ్య చూపంతా మరచెంబు మీదే. "ఎన్నేండ్లాయె అయ్యా గిసొంటిది చూడక! జర నీళ్ళు పోస్తరా? దోసిట్ల పడుత, చెంబు ముట్ట."

"నీళ్ళు కావు. ఇంజన్ ఆయిల్."

అతను మాస్కు దించి నన్ను ఎగాదిగా చూశాడు. భార్య అతని మోచేయి గిల్లింది. "ఊకో. గీ కరోనల ఎవలకేమైందో ఎవలకెరుక!"

మర్నాడు పొద్దున సూరత్‌లో దిగి, ఆటోలో నేరుగా సుధ ల్యాబున్న ఇచ్ఛాపూర్ వెళ్ళాను. బయటివాళ్ళకు ల్యాబులోకి ప్రవేశం లేదు. వెళ్ళేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. వాచ్‌మన్ ల్యాబు సీసా ఒకటి తెచ్చి, "కాకా, ఘీ లాయే హో?" అని నవ్వాడు. నెయ్యి కాదని చెప్పి, మరచెంబు అతని చేతికివ్వకుండా నేనే వంచాను.

బస ఆల్థాన్‌లో సుధ వాళ్ళ ఫ్లాటులో. మరుసటి సాయంత్రం ఆమె ఫోనులో రిపోర్టు చూపించింది.

"ఇనుము మామూలే. నీళ్ళు కలవలేదు. రాగి, సీసం, తగరం మాత్రం బాగా ఎక్కువున్నాయి మామయ్యా. మూడూ కలిసి వచ్చాయంటే బేరింగులు అరిగిపోతున్నట్టే. ఇక నడపకండి."

నేను బాల్కనీలోకి వెళ్ళి యాదగిరికి ఫోన్ చేశాను. అవతల మోగుతోంది. ఇంతలో వంటింట్లోంచి సుధ కేక. "ఈ చెంబంతా జిడ్డేంటి?"

"ఆయిల్ అందులోనే తెచ్చాను."

సుధ చెంబు పట్టుకుని గబగబా వచ్చింది. నేను ఫోన్ కట్ చేశాను.

సుధ మరచెంబును దీపం కింద పెట్టి లోపలికి చూసింది. "రాగి చెంబు. లోపల కళాయి. కళాయంటే తగరం, పాతదైతే సీసం కూడా. అక్కడక్కడ రాలింది చూడండి. ఇప్పుడిది ఇంజన్ రిపోర్టా, చెంబు రిపోర్టా?"

"చదువుకున్నదానివి, నువ్వే చెప్పు."

"చెప్పలేను. బేరింగులవీ కావచ్చు. చెంబుకి మాత్రం ఆరోగ్యం బాగాలేదు" అని నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. "ఇంకోసారి ప్లాస్టిక్ సీసాలో పంపండి మామయ్యా. కొరియర్‌లో!"

తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. టకటక బేరింగులదేనా? మరి ఆ రాగి ఎక్కడిది? వాపి స్టేషను దాటినా తేలలేదు. ఎంత తోమినా మరచెంబులో ఆయిల్ వాసన పోలేదు. నీళ్ళ సీసా కొనక తప్పలేదు. ఆ ఊళ్ళో నేను చూసిందల్లా ఒక గేటు, ఒక బాల్కనీ. తెలుసుకున్నది అంతకన్నా తక్కువ.

యాదగిరి ఫోన్ చేశాడు. "దొరా, ఫోన్ జేసి పెట్టేసిండ్రు. లారీ తేవాల్నా?"

"వద్దు."

"అయితే రిపోర్టు మంచిగొచ్చింది!"

"తెలియదు."

"తెల్వదా? గంత దూరం పోయి గదేంది దొరా?"

ఫోన్ పెట్టేశాను. సీసాలో మిగిలిన నీళ్ళు తాగి, లోపల తడి ఆరాలని బోర్లించి పట్టుకున్నాను. పెట్టె ఊడ్చే మనిషి వచ్చి, ఖాళీ సీసా కోసం గోనెసంచి తెరిచాడు.

"ఇది ఇవ్వను" అన్నాను.