సిస్టరాంటీ పాటల పుస్తకం, ద్వితీయ ముద్రణ

ఈ జులైలో మా ఘాజియాబాద్ ఫ్లాట్ గోడ మళ్లీ చెమ్మెక్కింది. సొసైటీ వాళ్లకు మూడేళ్లుగా చెబుతూనే ఉన్నాను, వాళ్లూ "హో జాయేగా అంకుల్‌జీ" అంటూనే ఉన్నారు. పుస్తకాల అల్మారా తెరిస్తే గుప్పున బూజు వాసన. ప్రాణం ఉసూరుమంది. పాతికేళ్లుగా పోగేసినవన్నీ తీసి హాల్లో ఫ్యాను కింద నేల మీద పరిచాను. మా ఆవిడ వాటి మధ్య అడుగులో అడుగు వేస్తూ, "ఇంత గొప్ప మొదటి ముద్రణలకి ఓ మంచి గోడ కూడా లేకపోయిందే పాపం" అని దెప్పింది. నవ్వాను. వరస చివర ఉన్న సన్నటి నీలం అట్ట పుస్తకం చేతిలోకి తీసుకునేసరికి ఆ నవ్వు కాస్తా పోయింది. అది సిస్టరాంటీది.

అప్పట్లో నేను ఢిల్లీ కటవారియా సరాయ్‌లో మూడో అంతస్తు గదిలో ఉంటూ, సివిల్స్‌కి చదువుతున్నానని ఇంట్లోవాళ్లని నమ్మించేవాణ్ణి. మెట్రో కోసం ఊరంతా తవ్విపోస్తున్న రోజులు. బేర్ సరాయ్‌లో గైడ్లు కొనుక్కుని బుద్ధిగా చదువుకోవాల్సింది పోయి, ఆదివారం వస్తే చాలు దరియాగంజ్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో తెలుగు అక్షరం కోసం దేవులాడేవాణ్ణి. రిటైరై ఊరెళ్లిపోయే తెలుగు ఆఫీసర్ల ఇళ్లలోంచి అవి అక్కడికి చేరేవి. అమ్మే ఆయనకి అది ఏ భాషో పట్టదు. "మద్రాసీ సాబ్ ఆ గయే" అంటూ గోనెసంచి విప్పి నా ముందు కుమ్మరించేవాడు. నాది మొదటి ముద్రణల పిచ్చి. దాని మీద గదిలోవాళ్లకి రోజూ ఉపన్యాసాలు. ఏ పుస్తకమైనా మూడు చోట్ల చూడాలిరా అనేవాణ్ణి. మొదటి పేజీ వెనక ఎన్నో ముద్రణో, ఎన్ని ప్రతులో ఉంటుంది. అది ఒక్కటే నమ్మకూడదు, అమ్ముడుపోని పాత ప్రతులకే కొత్త కాగితం తగిలించి రెండో ముద్రణ అనేవాళ్లూ ఉంటారు. అందుకని ఆఖరి పేజీ అడుగున ప్రెస్సు పేరూ సంవత్సరమూ చూడాలి, దాన్ని మార్చాలని ఎవరికీ తోచదు. చివరికి కాగితాన్ని వేలితో తడిమి, అన్నీ ఒకే రకమో కాదో చూసుకోవాలి. "ఇది సిలబస్‌లో ఉందేంట్రా?" అని వాళ్లు దుప్పటి ముసుగేసుకునేవారు.

మెస్సు తిండి పుణ్యమా అని ఆ ఏడు నాకు కామెర్లొచ్చి, ఓ పెద్దాసుపత్రి జనరల్ వార్డులో పడ్డాను. అక్కడ నర్సు ఆవిడ. మా పక్క మంచం బీహారీ పెద్దాయనకి హిందీలో చీవాట్లు పెడుతూ నా వైపు తిరిగి, నా చార్టు మీద పేరు చూసి, "ఏంటి బాబూ, మనోళ్లేనా? ఇలా మామిడిపండులా పండిపోయావేంటి?" అంది. కాకినాడ వైపు మనిషి. వార్డంతా సిస్టర్ అనేవారు, మాకేమో వయసున్న ఆడవాళ్లందరూ ఆంటీలే, రెండూ కలిపి సిస్టరాంటీ అయిపోయింది. డిశ్చార్జి అయ్యాక కూడా ఆదివారాలు చర్చి నుంచి వచ్చి నాకోసం కబురు పెట్టేది. ఆవిడ క్వార్టర్‌లో అన్నం తిన్న రోజులు లెక్కపెడితే నేను మనిషినయింది అక్కడేననిపిస్తుంది.

నా పిచ్చి సంగతి తెలిసి, ఓ ఆదివారం తలగడ పక్కనుంచి ఈ నీలం అట్ట పుస్తకం తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. వాళ్ల నాన్న బడిపంతులు, చర్చిలో పాడుకునే పాటలు కట్టేవాడట. చేతిలో ఉన్నదంతా పెట్టి అచ్చు వేయించుకున్నాడట.

"నాకు ఆరేళ్లప్పుడు అమ్మ పోయింది బాబూ. ఒక్క ఫొటో అయినా లేదు. మొహం అసలు గుర్తులేదు. ఆ ఏడాదే నాన్న ఇది వేయించి, నన్ను ఒళ్లో కూచోబెట్టుకుని, అచ్చులో అమ్మ పేరు మీద నా వేలు పెట్టి చూపించాడు. అది మాత్రం కళ్లక్కట్టినట్టుంది. పిన్ని వచ్చాక ఆ పుస్తకాలు కనబళ్లేదు. ఇవే ఉన్నాయి, అమ్మ పేరు లేనివి. పిన్నికోసం మళ్లీ అచ్చేయించి చెరిపేశాడు మా నాన్న. నేను ఆయనతో సరిగా మాట్లాడింది లేదు తర్వాత. పోయినప్పుడు కూడా డ్యూటీ ఉందని వెళ్లలేదు. ఆ మొదటిది ఒక్కటి ఎక్కడన్నా దొరుకుద్దేమో చూడు."

నేను పండితుడిలా పుస్తకం తెరిచాను. మొదటి పేజీ వెనక 'ద్వితీయ ముద్రణ' అనీ, దాని పైన 'దేవుని మహిమార్థం' అనీ ఉంది. ఆ కాగితం మిగతావాటికంటే కొంచెం దళసరిగా ఉందని నా వేలికి తెలిసింది. తెలిసిందని ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది. వంటింట్లోంచి చేపల పులుసు వాసన వస్తోంది. నేను ఆఖరి పేజీ తిప్పలేదు. "అనుమానమే లేదాంటీ, ఇది రెండోది. మొదటిది వేరే ఉంటుంది, నేను పట్టుకొస్తాను కదా" అన్నాను. "అయితే ఇది కాదన్నమాట" అని పుస్తకాన్ని కొంగుతో తుడిచి లోపల పెట్టేసి వచ్చి, నాకు తలకాయ ముక్క వడ్డించింది.

ఆరేళ్లు వెతికాను. కాకినాడ, రాజమండ్రి పాత పుస్తకాల షాపులకి ఉత్తరాలు రాశాను. పరీక్షలు పోయాయి, ఓ చిన్న ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, వెతుకుతూనే ఉన్నాను. మొదట్లో గుమ్మంలోనే "దొరికిందా బాబూ?" అనేది. తర్వాత చేతిసంచీ వైపు చూసి ఊరుకునేది. చివరికి చూడటం కూడా మానేసింది. అదే నాకు ఎక్కువ బాధనిపించేది.

ఆవిడ కిడ్నీలు పాడై, ఇరవై ఏళ్లు డ్యూటీ చేసిన వార్డులోనే పేషెంటుగా చేరింది. చూడ్డానికి వెళితే ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, "మావాడికి తెలుగు చదవడం రాదు. నీ దగ్గరుంచు. రెండోదైనా పుస్తకమే కదా" అంది. ఆ మాట నన్ను ఎత్తిపొడవడానికి అన్నది కాదు, ఆవిడకి ఎత్తిపొడవడం చేతకాదు. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పది రోజులకి పోయింది. సమాధి దగ్గర వాళ్ల నాన్న పాట ఒకటి నేనే చదివాను, ఈ పుస్తకంలోంచే, ఈ చేతులతోనే పట్టుకుని.

మొన్న ఫ్యాను కింద ఆ పుస్తకం తెరిచేసరికి 'ద్వితీయ ముద్రణ' అన్న కాగితం ఓ మూల లేచి ఉంది. చెమ్మకి మైదా జిగురు వదిలింది. మెల్లగా లాగాను, ఊడి వచ్చేసింది. అది అతికించిన కాగితం. కింద అసలు పేజీ ఉంది. 'ప్రథమ ముద్రణ, 500 ప్రతులు.' అప్పుడు ఆఖరి పేజీ తిప్పాను, అడుగున సిస్టరాంటీకి ఆరేళ్లప్పటి సంవత్సరమే ఉంది. ఆ బడిపంతులు మళ్లీ అచ్చేయించలేదు, ఎక్కడిది డబ్బు? ఉన్నవాటికే కాగితం అతికించాడు. చింపెయ్యడం ఇంకా తేలిక, కానీ చింపలేదు. జిగురు కూడా అంచుల వెంటే రాశాడు, మధ్యలో అక్షరాల మీద చుక్క పడనివ్వలేదు. ఇంతసేపూ ఎవరి పేరూ రాయలేదు నేను. ఇది మాత్రం అక్కడున్నది ఉన్నట్టు రాస్తాను: 'నా భార్య సువార్తమ్మ జ్ఞాపకార్థం.'

మా ఆవిడ వచ్చి, ఆ పేజీ చదివి, నేల మీదే నా పక్కన కూచుంది. తర్వాత సిస్టరాంటీ కొడుక్కి ఫోన్ చేసి చెప్పాను. ఫొటో పంపమన్నాడు. పంపాక కాసేపటికి మళ్లీ చేసి, "అంకుల్, ఇస్‌మే నానీ కా నామ్ కౌన్‌సా హై?" అని, అందులో అమ్మమ్మ పేరు ఏదో అడిగాడు. పేరు చుట్టూ గీత గీసి మళ్లీ పంపాను.

ఆరేళ్లు ఢిల్లీ అంతా వెతికిన పేరు ఆవిడ తలగడ పక్కనే ఉంది. వాళ్ల నాన్న చెరిపెయ్యలేదని చెప్పడానికి నేను ఒక్క పేజీ తిప్పితే సరిపోయేది. ఆ పేజీ తిప్పడానికి నాకు జిగురు వదిలేంత కాలం పట్టింది, ఆవిడకి అంత కాలం లేకపోయింది.